మెడగంటనుండి అడుగుల లెక్కవరకు : పావగడ సీమలో పశువుల యెద నెరుగు విధముల చరిత్ర

కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాలలో ఎనిమిదవ తరగతికి పద్యపాఠము చెప్పుచు "ఎద" యను పదమునకు హృదయమని యర్థము వ్రాయించితిని. వెనుక వరుసలోని యొక బాలిక నోటికి చేయి యడ్డము పెట్టుకొని నవ్వెను. కారణ మడుగగా, "మా ఇంట్లో ఎద అంటే ఆవుకు వచ్చేది, సార్" అని మెల్లగా చెప్పెను. తరగతి యంతయు నవ్వెను, నేనును నవ్వితిని. కాని యా బాలిక చెప్పినది తప్పు గాదు. ఆ రెండర్థములును నిఘంటువులలో గలవు. పావగడ తాలూకాలో మొదటి యర్థము పుస్తకములలో నున్నది. రెండవ యర్థముపై సంసారములు నిలిచియున్నవి.

పావగడ తుమకూరు జిల్లాలోని తాలూకాయే యైనను, దాని సరిహద్దులో నధికభాగము ఆంధ్రప్రదేశమునకు తగిలియున్నది. ఒకప్పుడు అనంతపురము జిల్లాలోనుండి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మడకశిర, పెనుకొండ ప్రాంతములు మాకు ఇరుగుపొరుగులు. ఇండ్లలో తెలుగు, కచేరీలలో కన్నడము. ఆవు గర్భధారణకు సిద్ధమైనపుడు ఒక యింట "ఎదకొచ్చింది" అందురు. ప్రక్క యింట "బెదెగె బందిదె" అందురు. వాన తక్కువ, చెరువులు నిండుట అరుదు, వేరుశనగ పంట దైవాధీనము. ఇట్టి చోట చేతికి కొంత నిలకడగా వచ్చు పైకము పాలసంఘములో పోసిన పాలవలన వచ్చునదే. ఆవు ఈనిననే పాలు. చూడి కట్టిననే ఈనును. ఎద నెరిగి సకాలమున దాటించిననే చూడి కట్టును. ఈ గొలుసులో నొక్క కొండి యూడినను తక్కినది నేలబడును.

ఇటీవలి కాలమున ఆవు కాలికో మెడకో కట్టబడి, దాని యడుగులను, కదలికలను లెక్కించి, యెద వచ్చిన సంగతిని యజమానుని చేతిలోని ఫోనునకు దెలుపు పరికరములు వచ్చినవి. వీనిని గూర్చి పత్రికలు వ్రాయునపుడు అపూర్వమనియే వ్రాయుచున్నవి. చరిత్ర విద్యార్థి కిది పూర్తిగా సమ్మతము గాదు. పశువు దేహముమీద నేదో యొకటి కట్టుటయు, దానివలన నొక సమాచారమును బడయుటయు మిక్కిలి పాతది. మారినది కట్టు వస్తువు మాత్రమే కాదు, అడుగు ప్రశ్న కూడ. మెడగంట "ఎక్కడ?" అను ప్రశ్నకు బదులు చెప్పెను. అచ్చు "ఎవరిది?" అను దానికి చెప్పెను. కాలి పరికరము "ఎప్పుడు?" అను దానికి చెప్పుచున్నది. ఈ మూడవ ప్రశ్నను పూర్వులు వస్తువు నడుగకపోవుటకు కారణ మేమి? దానిని విచారించుటయే యీ వ్యాసోద్దేశము.

ముందుగా గంటను జూతము. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ యధికరణమున గోధ్యక్షుని విధులు చెప్పబడినవి. ప్రతి పశువునకును సహజమైన గుర్తును, వేసిన అచ్చును, వర్ణమును, కొమ్ముల నడిమి యెడమును పుస్తకమున కెక్కింపవలెనని యందు గలదు. బెదరు స్వభావముగల పశువులకు గంటలు కట్టవలెననియు నున్నది. పాములను, క్రూరమృగములను బెదరగొట్టుట కొకటి, మంద మేయుచోటు తెలియుట కొకటి, యీ రెండు ప్రయోజనములను శాస్త్రకారుడే చెప్పెను. రెండువేల యేండ్ల నాటి యీ యేర్పాటు పావగడ గుట్టలలో మేకలు, పశువులు కాయువారి చేత నేటికిని సడలలేదు. కంచు గంట కొనలేనివారు కొయ్యగంట కట్టుదురు. చెవి తిరిగిన కాపరి గంట మ్రోత వినియే మంద మేయుచున్నదో, పరుగెత్తుచున్నదో, నీటికి దిగినదో చెప్పగలడు. మేయు పశువు గంట తెరపి తెరపిగా మ్రోగును. ఎదమీద నున్న పశువు నిలుకడలేక తిరుగుటచే దాని గంట యెడతెగక మ్రోగును. కావున గంట యెద నెరుగుటకు కట్టినది గాకపోయినను, వినువాడుండిన నా సంగతియు చెప్పును.

ఇచట నొక చిన్న ముచ్చట. మన పల్లెలలో పొలముల మీద బడు పశువునకు మెడనుండి కొయ్యముక్కను వ్రేలాడదీయుట కలదు. అదియే గుదిబండ. అది పశువు నడుగులు తగ్గించుటకు కట్టినది. నేటి పరికరము అడుగులు లెక్కించుటకు కట్టినది. ఒకే జంతువు, ఒకే మెడ!

ఇక అచ్చు. తెలుగువారు బాధ్యతలేక తిరుగు మనుష్యుని "అచ్చోసిన ఆబోతు" అందురు. మా విద్యార్థులకు ఈ జాతీయము తెలియును, దాని వెనుకనున్న ఆబోతు తెలియదు. గతించినవారి పేర వృషోత్సర్గము చేయునపుడు కోడెకు త్రిశూల చక్రముల గుర్తులు కాల్చి విడిచిపెట్టుట ధర్మశాస్త్రములు చెప్పిన యాచారము. దేవుని పేర విడిచిన దానిని మావైపు బసవన్న యందురు. ఆ గుర్తు పడిన కోడెను కాడికి కట్టరాదు, అమ్మరాదు, కొట్టరాదు. అది యే చేనిలో మేసినను అడుగువాడు లేడు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున అలహాబాదు ఉన్నత న్యాయస్థానమున కిట్టి వృషభమును గూర్చిన వ్యాజ్యమొకటి రాగా, విడిచిపెట్టబడిన వృషభము ఎవరి సొత్తును గాదు గనుక దానిని పట్టుకొనిపోవుట దొంగతన మనిపించుకొనదని తీర్పు వచ్చెను. గుడికి సమర్పింపబడిన వృషభము మాత్రము ధర్మకర్తల యధీనమున నున్న సొత్తేయని మద్రాసు న్యాయస్థానము వేరొక వ్యాజ్యమున నెంచెను. అచ్చునకు చట్టములో గూడ నింత చర్చ నడచినదని యనేకు లెరుగరు.

ఈ యాచారమును కేవలము పుణ్యకార్యముగా జూచుట సరిగాదు. ఊరి యావులన్నిటికిని ఒక మేలిజాతి కోడె యుచితముగా లభించుటయే దాని లౌకిక ఫలము. ఒంగోలు జాతి ఖ్యాతికి గ్రామస్థులు ఏరికోరి విడిచిన ఆబోతులే ముఖ్యకారణమని పశుశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. మన విషయమునకు కావలసినది మరియొకటి. మందతో నొక ఆబోతు తిరుగుచున్నంతకాలము ఏ యావు ఎదకు వచ్చినదో మనుష్యుడు కనిపెట్టవలసిన పనియే లేదు. రాత్రి రెండుజాములకు వచ్చినను, తెల్లవారుజామున వచ్చినను, పైకి గుర్తులు చూపకుండ వచ్చినను, ఆబోతు వాసన బట్టి యెరుగును. కాలము తప్పుట యుండదు. "ఎప్పుడు?" అను ప్రశ్నకు బదులు చెప్పు పరికరము నాలుగు కాళ్లతో మందలోనే నడచుచుండెను. అందుచేత నా ప్రశ్న నెవరును వస్తువు నడుగలేదు.

రాజుల మందలలోను ఇదే క్రమము. మైసూరు నేలిన చిక్కదేవరాజ ఒడెయరు (1673–1704) బెణ్ణె చావడి యను పేర పశుశాఖ నేర్పరచి దానికి కావళ్లను, అనగా మేతబీళ్లను, ప్రత్యేకించెను. హైదరాలీ దానిని పెంచెను. చిదంబరము వైపు వంద మైళ్లు రెండున్నర దినములలో నడచుట కీ మందల యెద్దులే యాధారమని చెప్పుదురు. టిప్పు సుల్తాను దానికి అమృతమహల్ అను పేరిడెను. 1799లో శ్రీరంగపట్టణము పడిన తరువాత మందలు క్షీణింపగా 1813లో కుంపిణీవారి సైనికోద్యోగి హార్వే వానిని తిరిగి చక్కబరచెను. 1860లో వ్యయము తగ్గించుటకై మందలు అమ్మివేయబడి, ఎద్దుల కొరత తెలిసిన పిదప 1866లో మరల నెలకొల్పబడెను. ఈ చరిత్ర యంతయు బండి లాగు, ఫిరంగి లాగు ఎద్దులకొరకు. పాలు అప్రధానము. మా ప్రాంతపు హళ్ళికారు ఆవు సంగతియు నంతే. దూడ త్రాగగా మిగిలినదే యింటికి.

నాగలమడిక సుబ్రహ్మణ్యేశ్వరుని పుష్యమాసపు జాతరకు పశువులు చేరుట మాకు చిన్ననాటినుండి తెలిసిన దృశ్యము. కొనువారు పండ్లు, సుడులు, నడక చూతురు. "ఎంత పాలిచ్చును?" అను ప్రశ్న యచట తక్కువ. పాలావుల నడుగు ప్రశ్నలు వేరు; అవి మరియొక త్రోవను వచ్చినవి.

ఆ త్రోవ మైసూరులోనే మొదలగుట గమనింపదగినది. 1939లో మైసూరు రాజభవనపు పాడిపరిశ్రమ క్షేత్రమున డాక్టరు సంపత్కుమారన్ హళ్ళికారు ఆవులకు హోల్‌స్టీన్ ఫ్రీజియన్ వృషభముల వీర్యముతో కృత్రిమ గర్భధారణ చేసెను. భారతదేశమున నిదియే మొదటిదని పశువైద్య గ్రంథములు చెప్పుచున్నవి. అప్పుడు 33 ఆవులు చూడి కట్టినవట. 1942లో ఇజ్జత్‌నగరములోని పశువైద్య పరిశోధన సంస్థలో పరిశోధనలు సాగినవి. 1949లో ఆంగ్లదేశమున పోల్జ్, స్మిత్, పార్క్స్ అను శాస్త్రజ్ఞులు గ్లిసరాలు చేర్చిన వీర్యము గడ్డకట్టించినను చెడదని కనుగొనిరి. అందుచే ద్రవ నత్రజనిలో, అనగా సున్నకు దిగువ 196 డిగ్రీల శీతలమున, వీర్యమును ఏండ్లతరబడి నిలువయుంచ వీలయ్యెను. బెంగుళూరు సమీపమున హెసరఘట్టలో డెన్మార్కు సహాయముతో నేర్పడిన కేంద్రము ఈ విద్యను దక్షిణదేశమున వ్యాపింపజేసెను. 1974–75లో ప్రపంచబ్యాంకు ఋణముతో కర్ణాటక పాడి పథకము ప్రారంభము కాగా, సంకరజాతి ఆవులు, పాలసంఘములు, "సూది వేయించుట" అను మాటయు మా పల్లెలకు వచ్చినవి.

సూది వచ్చెను; ఆబోతు పోయెను. దానితోడనే "ఎప్పుడు?" అను ప్రశ్న మొట్టమొదటి సారి మనుష్యుని తలపై బడెను.

ఆ ప్రశ్న యెంత యిరుకైనదో లెక్కలో జూపుదును. ఆవు యెద సగటున 21 దినముల కొకమారు వచ్చును. నిలిచియుండుట పండ్రెండు మొదలు పదునెనిమిది గంటలు. మన దేశవాళీ ఆవులలో నింకను తక్కువ. అండము విడుదలయగుట యెద తీరిన తరువాత సుమారు పది పండ్రెండు గంటలకు. అది సత్త్వముతో నుండుట మరికొన్ని గంటలు మాత్రమే. 1940ల దశకమున అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గరు చేసిన పరిశోధనలపై, ఉదయము ఎద కనబడిన యావునకు సాయంకాలము, సాయంకాలము కనబడినదానికి మరునాటి యుదయము సూది వేయవలెనను నియమ మేర్పడెను. మా పశువైద్యశాలలలోను నదియే చెప్పుదురు. ఇక సంవత్సరమున కొక దూడ కావలెనన్నచో, గర్భకాలము 280 దినములు పోగా మిగులునవి 85. ఈనిన తరువాత గర్భాశయము తేరుకొనుటకు సుమారు 60 దినములు విడువవలెను. మిగిలినవి 25. అందులో నిమిడునది యొక్క యెద, అదృష్టముండిన రెండు. అది రాత్రి వచ్చి పోయిన, మరల 21 దినములు వట్టి మేపు. మా యింట నొక సంకరజాతి ఆవునకు వరుసగా మూడుమార్లు తప్పిపోయినది. ఆ రెండు నెలల గడ్డి, దాణా ఖర్చు లెక్కవేసిన నా భార్య తరువాతి యావును కొననీయలేదు.

ఇట్టి కష్టమే పడమటి దేశములలో వేరు రూపమున వచ్చెను. అచట మందలు పెద్దవి, కాపరులు తక్కువ. ఎదమీది యావు ఎక్కువగా తిరుగునని గొల్లవా రెల్లర కెరుకయే. దానిని అంకెలలోనికి దెచ్చుటయే శాస్త్రము చేసినది. 1954లో ఫారిస్ అను పరిశోధకుడు మనుష్యులు నడక కొలుచుకొను అడుగులయంత్రమును ఆవులకు గట్టి చూచి, యెదనాడు నడక పెరుగుటను ప్రకటించెను. 1977లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన కిడ్డీ ఆవుల కాళ్లకు అట్టి యంత్రములను గట్టి, యెదనాటి యడుగులు మామూలునకు రెండు మొదలు నాలుగు రెట్లుండునని తేల్చెను. అదే కాలమున ఇజ్రాయేలులో అఫీకీమ్ అను సమష్టి గ్రామమువారు పాలు కొలుచు విద్యుత్ యంత్రములను, తరువాత కాలి పరికరములను తయారుచేసి విక్రయింపసాగిరి. ఇప్పటి పరికరములో చలనమును గ్రహించు చిన్న బిళ్ల యుండును. అది గంటగంటకు అడుగులు లెక్కించి, అదే యావు గడచిన కొన్ని దినములలో నడచిన సగటుతో పోల్చును. హద్దు మీరిన వెంటనే సందేశము పంపును. మెడకు కట్టునది నెమరు కాలమును గూడ కొలుచును. ఎదనాడు ఆవు నెమరు తగ్గించును గదా. మనదేశమున బెంగుళూరులో 2011లో స్థాపింపబడిన స్టెల్లాప్స్ సంస్థ మూఆన్ అను పేర కాలికి కట్టు పరికరమును దెచ్చినది. బెంగుళూరు కృషిమేళలో నొక ఆవు మెడపట్టెను చూచి, నేను మొదట దానిని గంట యనియే భ్రమించితిని.

చెవిబిళ్ల సంగతియు నిచట చెప్పవలెను. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశురోగ నియంత్రణ పథకముతో, పండ్రెండంకెల సంఖ్యగల పసుపుపచ్చ బిళ్ల పశువుల చెవులకు వచ్చెను. టీకా, సూది, ఈత, అన్నియు నా సంఖ్య క్రింద నెక్కును. కౌటిల్యుడు కోరిన పుస్తక మిదియే. పాత అచ్చు "ఇది యెవరి సొత్తును గాదు, అందరిది" అని చెప్పెను. ఈ బిళ్ల "ఇది ఫలానా వారిది" అని చెప్పుచున్నది. రెంటికి నడుమ ఊరుమ్మడి యను నొక వ్యవస్థ గతించినది.

ఆ యుమ్మడి గతించుటకు సూది యొక్కటియే కారణము గాదు. మేతబీళ్లు పోయినవి. మాకు ప్రక్కనున్న చళ్లకెరె తాలూకాలో అమృతమహల్ కావళ్లు సుమారు పదివేల యెకరములు 2009 ప్రాంతమునుండి రక్షణ, అణు, అంతరిక్ష పరిశోధన సంస్థలకును, భారతీయ విజ్ఞాన సంస్థకును కేటాయింపబడినవి. పావగడలో, జాతర జరుగు నాగలమడిక హోబళిలోనే, తిరుమణి, వళ్లూరు, బలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామముల భూములు సుమారు 13,000 ఎకరములు సౌరవిద్యుత్ క్షేత్రమున జేరినవి. 2018 మార్చి 1న దానిని ప్రారంభించిరి. దాని శక్తి 2,050 మెగావాట్లు. భూమి గలవారికి యెకరమునకు ఏటేట 21,000 రూపాయలతో మొదలైన కౌలు వచ్చుచున్నది. కరవుసీమలో నది చిన్న మేలు గాదు. భూమిలేక, పరుల బీడులలో పశువులు మేపుకొనినవారికి మాత్రము కంచెయే మిగిలెను. మంద తిరుగుట తగ్గెను. ఆవు కొట్టమున గుంజకు గట్టబడెను.

ఇచటనే కాలి పరికరమునకును పావగడకును చిక్కు. అడుగులు లెక్కించు యంత్రమునకు నడచు ఆవు కావలెను. గుంజకు రెండు మూరల త్రాటితో కట్టిన యావు ఎదనాడైనను ఎన్ని యడుగులు వేయగలదు? కట్టివేసిన యావులలో నడకను బట్టి యెద నెరుగుట కష్టమని పరిశోధకులును ఒప్పుకొనిరి. ఎక్కుటకు తోడి యావు లేదు, ఎక్కించుకొనుటకును లేదు. అరపు, తీగ, పాలు తగ్గుట, ఊరక మూత్రము విడుచుట, ఇవియే మిగిలిన గుర్తులు. గేదెల సంగతి మరియు కష్టము. వాని యెద మూగయెద. నెమరును గొలుచు మెడపట్టె కొంత నయము. అయినను వేసవిలో పచ్చిగడ్డి లేక, యెముకలు తేలిన యావునకు ఎదయే రాదు. రాని యెదను ఏ యంత్రము చెప్పును? ముందు గడ్డి, నీరు, ఖనిజలవణ మిశ్రమము, పరికరము తరువాత. ఈ క్రమమును తలక్రిందుగా జేసి పరికరమునే ముందుగా నమ్ముట సరిగాదని నా యభిప్రాయము.

కాని పరికరమును తోసిపుచ్చుటయు న్యాయము గాదు. రాత్రి కావలి యెవరు చేయుదురు? మా తాలూకాలో పగలు కూలికి, సాయంకాలము పాలు పిండుటకు, రాత్రి వంటకు, తెల్లవారుజామున పేడకళ్లకు లేచునది స్త్రీయే. ఎద నెరుగుమని శాస్త్రము చెప్పునపుడు ఆమె నిదుర మానుకొమ్మని చెప్పుచున్నది. నలుగురైదుగురు చేరి, పగలు కొన్ని గంటలైనను ఆవులను విప్పి యుంచు పాటి దొడ్డి నొకటి కట్టుకొని, పాలసంఘముద్వారా నాలుగైదు పట్టెలు తెచ్చుకొని, ఈని రెండు నెలలైన యావులకు మాత్రము వంతులవారీగా కట్టినచో, ఉపయోగ ముండునని తోచుచున్నది. ఆబోతు వలెనే అదియు ఊరుమ్మడిది కావలెను. ఒక్కొక్క యింటి కొక్కొక్కటి యన్నచో రెండావుల సంసారము దానిని మోయలేదు.

పాఠశాలలో నవ్విన యా బాలిక యింటికి జనాభా లెక్కల పనిమీద నొకసారి పోవలసి వచ్చెను. కొట్టము గోడకు పంచాంగపు కాలెండరు వ్రేలాడుచుండెను. అందు కొన్ని తేదీలచుట్టు ఎఱ్ఱసిరాతో సున్నలు చుట్టియుండెను. ఒక్కొక్క సున్నకు నడుమ ఇరువదియొక్క దినములు. ప్రక్కన తెలుగు లిపిలో "గౌరి", "తెల్లది" అని యావుల పేర్లు. వ్రాసినది తల్లి గాదు, ఆమెకు చదువు రాదు. చెప్పినది తల్లి, వ్రాసినది కూతురు. ఒకచోట సున్న పక్కన "రాత్రి, తెలీలేదు" అని వ్రాసి కొట్టివేసియుండెను. ఆ బాలిక నాకు మంచినీళ్లు దెచ్చి యిచ్చి, తల్లివైపు తిరిగి, ఈ వారములో తెల్లదాని వంతు వచ్చునని గుర్తుచేసెను.